శరదృతువులో తెరవవలసిన గ్రంథాలు

ఆశ్వయుజ శుక్లపక్షంలో మూలా నక్షత్రం ప్రవేశించిన రోజున తెలుగువారి ఇండ్లలో గ్రంథాలు అరల నుండి దిగి పూజాపీఠం మీదికి చేరుతాయి. తాతల నాటి రామాయణం, అట్ట చిరిగిన అమరకోశం, పిల్లల గణితపుస్తకం అన్నీ ఒకే వస్త్రం మీద కూర్చుండి ఒకే పుష్పాక్షతలకు పాత్రమవుతాయి. విజయదశమి నాడు పునఃపూజ జరిగే వరకు వాటిని తెరవరాదని, లేఖినిని తాకరాదని సంప్రదాయం. చదువుకు సెలవు దొరికినదని సంతోషించని బాలుడు ఏ తరంలోనూ ఉండి ఉండడు. కాని అదే ఇంటిలో, అదే పీఠం ముందు, ఒక గ్రంథం మాత్రం మూతపడదు. పాడ్యమి నాడు మొదలైన దేవీ సప్తశతీ పారాయణం నవమి వరకు సాగుతూనే ఉంటుంది. తక్కిన గ్రంథాలన్నింటికీ విశ్రాంతి నిచ్చిన ఋతువే ఈ ఒక్క గ్రంథానికి పట్టాభిషేకం చేసినది. శరత్తుకూ పఠనానికీ ఈ ముడి ఎట్లు పడినదో తెలిసినప్పుడు, ఈ రెండు మాసాలలో ఏ గ్రంథాన్ని చేపట్టవలెనో, దానిని ఎట్లు చదవవలెనో కూడా సాధకునికి కొంత స్పష్టమవుతుంది.

ఆశ్వయుజ కార్తిక మాసాలు శరదృతువు. వైదిక వాఙ్మయంలో ఆయుర్దాయాన్ని శరత్తులతోనే లెక్కించారు. నూరు శరత్తులు చూడాలని, నూరు శరత్తులు వినాలని, నూరు శరత్తులు జీవించాలని ఋషులు ప్రార్థించారు. వసంతం ఎంత మనోహరమైనదైనా ఆ ప్రార్థనలో దానికి ఆ స్థానం దక్కలేదు. వర్షాకాలపు వరదలను, జ్వరాలను, తెగిపోయిన దారులను దాటి నిర్మలాకాశాన్ని మళ్ళీ చూసినవాడే ఒక సంవత్సరం బ్రతికినట్లు! దేవీభాగవతం తృతీయ స్కంధంలో నవరాత్రవ్రత విధిని చెప్పే సందర్భంలో వసంత శరత్తులు రెండింటినీ యముని దంష్ట్రలుగా వర్ణించినది. ప్రాణులకు రోగభయం అధికమైన కాలాలు గనుక ఆ రెండు ఋతువులలోనూ చండికార్చన చేయవలెనని అక్కడి విధి. వర్షాలలో సంచితమైన పిత్తం శరత్తులో ప్రకోపిస్తుందని ఆయుర్వేదం కూడా చెప్పినది. పైకి చల్లని వెన్నెల, లోపల దేహానికి పరీక్ష. నవరాత్రులలోని ఉపవాస నియమాలకూ, ఆ దినాల పఠన నియమాలకూ వెనుక ఈ రెండు ముఖాలూ ఉన్నాయి.

ఇంకొక కారణం సన్న్యాసాశ్రమ ధర్మంలో ఉన్నది. ఆషాఢ పూర్ణిమ నాడు వ్యాసపూజ చేసి యతులు చాతుర్మాస్య దీక్ష వహిస్తారు. నిరంతర సంచారులు ఆ కాలంలో ఒకే చోట నిలిచి శిష్యులకు భాష్యపాఠం చెబుతారు. పక్షాన్ని మాసంగా గ్రహించే సంప్రదాయంలో భాద్రపద పూర్ణిమతో ఆ దీక్ష ముగుస్తుంది. అంటే వానాకాలం గురుముఖతః శ్రవణం చేసే కాలం. శరత్తు వచ్చేసరికి గురువు కదలిపోతాడు, శిష్యుని చేతిలో గ్రంథం మిగులుతుంది. విన్నదానిని తానే తెరచి మననం చేసుకొనవలసిన ఋతువు ఇది.

ఈ ఋతువుకు ప్రథమ గ్రంథం నిస్సందేహంగా దేవీమాహాత్మ్యమే. మార్కండేయ పురాణంలో 81వ అధ్యాయం నుండి 93వ అధ్యాయం వరకు ఉన్న ఈ 13 అధ్యాయాల భాగం కాలక్రమంలో స్వతంత్ర గ్రంథంగా నిలిచి, సప్తశతి అనే పేరు పొందినది. ఉవాచలను, అర్ధశ్లోకాలను కూడా వేరువేరు మంత్రాలుగా గణించి 700 సంఖ్యను పూరించారు. ఏ ఋతువులో తనను చదవవలెనో తానే చెప్పుకొన్న గ్రంథాలు అరుదు. ద్వాదశాధ్యాయంలో దేవి స్వముఖంతోనే శరత్కాలంలో ఏటేటా జరిగే మహాపూజను పేర్కొని, ఆ సమయంలో తన మాహాత్మ్యాన్ని భక్తితో విన్నవారికి కలిగే శ్రేయస్సును వివరించినది. కనుక శారద నవరాత్రులలో సప్తశతీ పారాయణం ఎవరో తరువాత కల్పించిన ఆచారం కాదు. గ్రంథరచన నాటికే ఆ వార్షిక పూజ ప్రసిద్ధమై ఉండవలెను.

ఆ కాలం ఏది? భక్తునికి ఈ ప్రశ్న అప్రధానం కావచ్చును. అయినను చరిత్రకారుల అన్వేషణ ఆసక్తికరమైనది. క్రీ.శ. 5, 6 శతాబ్దాల ప్రాంతంలో ఈ గ్రంథం ఇప్పటి రూపం పొందినదని అనేకులు భావించారు. రాజస్థాన్‌లోని నాగౌర్ ప్రాంతంలో దధిమతీ మాతా ఆలయ శాసనంలో నారాయణీ స్తుతిలోని సుప్రసిద్ధ మంగళశ్లోకం చెక్కబడి ఉన్నది. అందులోని సంవత్సరాంకాన్ని గుప్తశకంగా గ్రహించినవారు దానిని క్రీ.శ. 608 నాటిదిగా నిర్ణయించారు. వేరొక శకంగా గ్రహించి రెండు శతాబ్దాలు వెనుకకు తెచ్చినవారూ ఉన్నారు. వివాదం ఎటు తేలినా, రాతిమీద చెక్కించదగినంతగా ఆ శ్లోకం అప్పటికే జనుల నోట ఉన్నదన్నది తేటతెల్లం. 7వ శతాబ్దంలో హర్షుని ఆస్థానకవి బాణుడు మహిషాసుర మర్దనాన్ని వస్తువుగా చేసికొని చండీశతకం రచించాడు. అదే శతాబ్దంలో పల్లవ శిల్పులు మహాబలిపురపు గుహలో సింహవాహినియైన దేవి ధనుస్సు ఎక్కుపెట్టగా గదాధారి మహిషుడు వెనుకకు వంగుతున్న దృశ్యాన్ని మలచారు. దేశపు రెండు కొనలలో ఒకే కథ ఒకే కాలంలో కవిచేతను, శిల్పిచేతను పలికించినది. నేపాల్‌లో లభించిన ఒక తాళపత్ర ప్రతి క్రీ.శ. 998 నాటిదిగా గుర్తింపబడినది. వెయ్యేండ్ల నాటి ఆ ఆకులలో ఉన్న గ్రంథం నేటి నవరాత్రి పారాయణ గ్రంథమే.

పారాయణ సంప్రదాయం ఈ గ్రంథాన్ని కాపాడినది. అదే సంప్రదాయం దాని ప్రథమాధ్యాయాన్ని కొంత మరుగుపరచినదని కూడా చెప్పక తప్పదు. కవచం, అర్గళం, కీలకం, నవాక్షరీ జపం, అనంతరం మూడు చరితలు, తుదకు రహస్యత్రయం అనే క్రమంలో గడియారం చూసుకుంటూ సాగే పఠనంలో మనస్సు సహజంగానే మహిషవధ మీదికి, శుంభనిశుంభుల యుద్ధం మీదికి పరుగెడుతుంది. కాని గ్రంథం యుద్ధంతో ఆరంభం కాలేదు. ఒక ఆశ్రమంలో కూర్చున్న ఇద్దరు ఓడిపోయిన మనుష్యులతో ఆరంభమైనది.

సురథుడు రాజ్యం కోల్పోయిన రాజు. శత్రువులచేత ఓడి, సొంత మంత్రులచేతనే కోశబలాలు అపహరింపబడి, వేట నెపంతో ఒంటరిగా గుఱ్ఱమెక్కి అడవికి వచ్చాడు. సమాధి అనే వైశ్యుడు ధనలోభులైన భార్యాపుత్రులచేత ఇంటినుండి వెళ్ళగొట్టబడ్డాడు. మేధా మహర్షి ఆశ్రమంలో వీరిద్దరూ కలిశారు. రాజు తన పట్టపుటేనుగు మేత తింటున్నదో లేదో అని చింతిస్తున్నాడు. వైశ్యుడు తనను తరిమిన కుమారులు క్షేమంగా ఉన్నారో లేరో అని నిట్టూరుస్తున్నాడు. తమ చింత అర్థరహితమని ఇద్దరికీ తెలుసు. తెలిసికూడా మనస్సు నిష్ఠురం కావడం లేదు. జ్ఞానం ఉండగా ఈ మోహం ఎక్కడిదని వారు మహర్షిని ప్రశ్నించారు. పక్షులు తాము ఆకలితో ఉండి కూడా పిల్లల ముక్కులలో గింజలు పెట్టడం చూడుమని మహర్షి చూపాడు. ఆ మమత అంతటా వ్యాపించిన మహామాయదే అన్నాడు. దేవి ఎవరన్న ప్రశ్న అక్కడ పుట్టినది. తరువాతి యుద్ధాలన్నీ ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరాలు.

చివరి అధ్యాయంలో ఆ ఇద్దరూ నదీతీరాన మృణ్మయమూర్తిని నిలిపి మూడు సంవత్సరాలు ఆరాధించగా దేవి ప్రత్యక్షమైనది. రాజు పోయిన రాజ్యాన్ని, జన్మాంతరంలో చెడని రాజ్యాన్ని కోరుకొన్నాడు. వైశ్యుడు నేను, నాది అనే సంగాన్ని ఛేదించే జ్ఞానాన్ని కోరుకొన్నాడు. దేవి ఒకరిని మెచ్చి ఒకరిని మందలించలేదు. ఇద్దరికీ కోరినదే ఇచ్చినది. ఒకే కథ విని, ఒకే పూజ చేసి, ఇద్దరు రెండు వేర్వేరు ఫలాలతో లేచి వెళ్ళారు. నవరాత్రులలో తొమ్మిది దినాలు ఈ గ్రంథం ముందు కూర్చున్నవాడు దశమి నాడు లేచేటప్పుడు ఈ ఇద్దరిలో ఎవరివెంట నడుస్తున్నాడో తనలో తానే చూసుకొనవలసి ఉంటుంది. ప్రథమాధ్యాయాన్ని, త్రయోదశాధ్యాయాన్ని అర్థంతో నెమ్మదిగా చదవనివారికి ఆ అవకాశమే దొరకదు.

అర్థజ్ఞానం పారాయణకు అవసరమా అన్న ప్రశ్న తరచుగా వినవస్తుంది. శబ్దశక్తి చాలునని కొందరి సమాధానం. శిక్షాశాస్త్రం మాత్రం వేరుగా చెప్పినది. పాణినీయ శిక్ష అధమ పాఠకులను ఆరుగురిని లెక్కించినది: రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, వ్రాత చూసి చదివేవాడు, అర్థం ఎరుగనివాడు, గొంతు పీలగా ఉన్నవాడు. వ్రాత చూసి చదవడమే దోషంగా ఎంచిన ఆ కఠిన ప్రమాణానికి నేటి పాఠకులలో ఎందరు నిలువగలరో చెప్పనక్కరలేదు. అయితే అర్థం ఎరుగకపోవడం కూడా అదే పట్టికలో, తల ఊపడం పక్కనే ఉన్నది. స్వరశుద్ధికై ఎంత శ్రద్ధ వహిస్తారో అర్థానికై అంత వహించడం శాస్త్రసమ్మతమే. 18వ శతాబ్దంలో భాస్కరరాయ మఖి లలితాసహస్రనామానికి సౌభాగ్యభాస్కరమనే భాష్యం వ్రాసినవాడు. ఆయనే సప్తశతికి గుప్తవతి అనే వ్యాఖ్యను కూడా రచించాడు. శ్రీవిద్యోపాసకులలో అగ్రగణ్యుడైన ఆయన శబ్దశక్తిని ఎరుగనివాడా! ఎరిగినవాడు గనుకనే అర్థానికి అంతటి శ్రమ వెచ్చించాడు.

తెలుగువారికి ఈ పురాణంతో ఉన్న బంధం కొంచెం లోతైనది. తిక్కన సోమయాజి శిష్యుడైన మారన మార్కండేయ పురాణాన్ని తెనిగించి, కాకతీయ ప్రతాపరుద్రుని సేనానియైన గన్నయకు అంకితమిచ్చాడు. మహాపురాణాలలో మొట్టమొదట తెలుగు పద్యకావ్యంగా అవతరించినది ఇదే. అందులోని స్వారోచిష మనుసంభవ కథాబీజాన్ని గ్రహించి, రెండు శతాబ్దాల అనంతరం అల్లసాని పెద్దన మనుచరిత్రను నిర్మించి శ్రీకృష్ణదేవరాయలకు అర్పించాడు. ప్రవరుని కథను, వరూధిని కథను రసజ్ఞులందరూ ఎరుగుదురు. ఆ కథ ఎటు సాగి స్వారోచిష మనువు జననానికి చేరుతుందో, సురథ మహారాజు ఏ మన్వంతరంలో జీవించాడో కలిపి చూచేవారు మాత్రం తక్కువ. సురథుడు స్వారోచిష మన్వంతరానికి చెందినవాడే. దేవీ వరప్రసాదంతో ఆయన సూర్యపుత్రుడై జన్మించి సావర్ణి మనువు కాగలడని సప్తశతి ముగింపు. అనగా మనుచరిత్ర ముగిసిన చోట సప్తశతీ కథకు వేదిక సిద్ధమవుతుంది. శృంగారప్రబంధమని ఒక అరలో, స్తోత్రగ్రంథమని మరొక అరలో విడదీసి ఉంచిన ఈ రెండూ ఒకే పురాణవృక్షపు శాఖలు. శరత్తులో సప్తశతిని చదివినవారు మనుచరిత్రను కూడా ఒకసారి తెరచి చూస్తే వరూధినీప్రవరుల సంవాదంలోని మోహవిచారం కొత్తగా కనిపిస్తుంది.

ఆంధ్రభాషలో శరత్తు పేరు వినగానే సాహితీపరులకు స్ఫురించేది మాత్రం మరొక గ్రంథం. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ భట్టారకుడు మహాభారతాన్ని తెనిగింప పూనుకొన్నాడు. ఆది సభాపర్వాలు పూర్తయ్యాయి. అరణ్యపర్వం నాల్గవ ఆశ్వాసంలో పాండవుల వనవాసంలో వానలు వెలిసి శరత్తు ప్రవేశించినది. నన్నయ శారదరాత్రుల శోభను ఒక పద్యంలో వర్ణించాడు. సంప్రదాయం లెక్కించే సంఖ్య ప్రకారం అది 142వ పద్యం. అక్కడితో ఆయన గంటం ఆగిపోయినది. తెలుగు ఆదికవి లోకానికి ఇచ్చిన చివరి పద్యం శరత్కాలపు నక్షత్రకాంతులతో, వికసించిన పూల పరిమళంతో, వెన్నెలతో నిండినది. ఆగిపోవడానికి కారణం ఏదైనా, పర్వం సగంలో, వెన్నెలరాత్రి నడుమ గ్రంథం తెగిపోయినది.

13వ శతాబ్దంలో తిక్కన భారతరచనకు పూనుకొన్నప్పుడు ఆ విరిగిన చోటును తాకక విరాటపర్వం నుండి ఆరంభించి పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. అరణ్యపర్వ శేషాన్ని తెనిగిస్తే కీడు కలుగుతుందన్న భయం ఉండేదని జనశ్రుతి. తిక్కన వంటి యోగ్యునికి అటువంటి భయాన్ని అంటగట్టడం సమంజసంగా తోచదు. నరాంతరుని రచన మధ్యలో చేయిపెట్టరాదన్న మర్యాదయే కారణమై ఉండవచ్చును. ఏమైనా ఆ రాత్రి అట్లే నిలిచిపోయినది. 14వ శతాబ్దంలో అద్దంకి ప్రభువైన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱాప్రగ్గడ ఆ శేషాన్ని పూరించాడు. ఆయన మొదటి పద్యం కూడా శరద్వర్ణనమే. నన్నయ రాత్రిని వర్ణించి ఆగాడు. ఎఱ్ఱన అరుణకిరణాలు తాకి కమలాలు విచ్చుకుంటూ, హంసల ధ్వనులతో మేల్కొంటున్న శారదోదయాలతో ఆరంభించాడు. నడుమ గడచినది సుమారు మూడు వందల సంవత్సరాలు. చదువరికి మాత్రం ఒక రాత్రి గడచి తెల్లవారినట్లే ఉంటుంది.

ఇంకొక విశేషం. పూరించిన భాగానికి ఎఱ్ఱన తన ప్రభువును కృతిపతిగా నిలుపలేదు. ఎన్నడో గతించిన రాజరాజనరేంద్రునికే దానిని అంకితం చేశాడు. నన్నయ ఎవరికి ఇవ్వదలచాడో వారికే అది చెందవలెనని ఆయన తలపు. మమకారాన్ని విడువలేక మేధా మహర్షిని ప్రశ్నించిన రాజు కథ ఒకవైపు, తన శ్రమకు తన పేరుగాని తన రాజు పేరుగాని కోరని కవి చరిత్ర ఒకవైపు. సాధకుడు రెండింటినీ ఒకే నవరాత్రిలో చదవడం ఉచితం.

సంస్కృతమూలంలో ఈ ఘట్టం మరింత అర్థవంతంగా ఉన్నది. వర్షాలు గడచిన పిమ్మట పాండవులు నిండుగా, ప్రసన్నసలిలంతో ప్రవహిస్తున్న సరస్వతీ నదిని చూచి ఆనందించారు. శరత్తులోని పుణ్యతమమైన కార్తిక పూర్ణిమా రాత్రిని అక్కడే గడిపి, కృష్ణపక్షం ప్రవేశించగానే కామ్యకవనానికి కదిలారు. అక్కడికి శ్రీకృష్ణుడు, ఆ వెనుక మార్కండేయ మహర్షి వచ్చారు. యుగధర్మాలు, ప్రళయం, వటపత్రంపై శయనించిన బాలుని దర్శనం, ధర్మవ్యాధుని ఉపాఖ్యానం అన్నీ ఆ సమాగమంలో మార్కండేయుడు చెప్పినవే. దేవీమాహాత్మ్యాన్ని క్రౌష్టుకికి వినిపించినవాడు కూడా మార్కండేయుడే. శారదగ్రంథాల వెనుక ఈ చిరంజీవి ముని స్వరం మళ్ళీ మళ్ళీ వినిపించడం గమనింపదగినది. అరణ్యపర్వంలోని మార్కండేయ సమాస్యాభాగాన్ని కార్తికమాసంలో పఠించడం ఇండ్లలో ఎక్కువగా కనిపించదు. కనిపిస్తే బాగుండును.

రామాయణంలో శరత్తు మాట నిలుపుకొనవలసిన ఋతువు. వాలివధానంతరం శ్రీరాముడు ప్రస్రవణగిరి మీద నాలుగు మాసాలు వర్షాలు వెలిసే వరకు నిరీక్షించాడు. కిష్కింధాకాండ 30వ సర్గలో ఆకాశం నిర్మలమైనది, నదులు తేటపడినవి, దారులు ఆరినవి. సుగ్రీవుడు మాత్రం భోగాలలో మునిగి చేసిన ప్రతిజ్ఞను మరచాడు. లక్ష్మణుని ధనుష్టంకారం కిష్కింధను మేల్కొలిపిన తరువాతనే వానరులు నలుదిక్కులకూ బయలుదేరారు. తాము ఆశ్వయుజ మాసంలో గడువు విధింపబడి బయలుదేరితిమని అంగదుడే తరువాత వింధ్యపర్వత ప్రాంతంలో నిరాశతో చెబుతాడు. నవరాత్రులలో సుందరకాండ పారాయణం చేసే ఇండ్లు ఎన్నో ఉన్నాయి. 68 సర్గల ఆ కాండకు ముందు కిష్కింధలోని ఈ నాలుగైదు సర్గలను కూడా కలిపి చదివితే హనుమంతుని ప్రయాణం ఎవరి ఆలస్యానికి ప్రాయశ్చిత్తంగా మొదలైనదో తెలుస్తుంది.

భాగవత దశమస్కంధంలో శరత్తు రెండు సార్లు వస్తుంది. 20వ అధ్యాయంలోని వర్షశరద్వర్ణనలో ప్రతి ప్రకృతి దృశ్యమూ ఒక అధ్యాత్మోపమానమే. బురదనీరు తేటపడడాన్ని యోగం చెడిన చిత్తం మళ్ళీ యోగనిష్ఠతో నిర్మలం కావడంతో పోల్చారు. 29వ అధ్యాయంలో మల్లికలు విరిసిన శారదరాత్రులతో రాసపంచాధ్యాయి ఆరంభమవుతుంది. ఈ రెంటిలో సాధారణంగా రెండవదే అందరి నోటా ఉంటుంది. మొదటిదాని ఉపమానాల వద్ద నిలిచినవానికే రెండవదానిలోని వెన్నెల శృంగారాన్ని అతిక్రమించినదై గోచరిస్తుంది. నడుమ 22వ అధ్యాయంలో హేమంతారంభాన గోపకన్యల కాత్యాయనీ వ్రతం ఉన్నది. రాసానికి అర్హత దేవీపూజ ద్వారా సిద్ధించినదన్నది వైష్ణవశాక్త భేదాలను పెంచేవారు ఒకసారి చదువవలసిన విషయం.

15వ శతాబ్దంలో బమ్మెర పోతన తెలుగులో వ్రాసిన భాగవతం ఈ భాగాలకు తెలుగువారి నిత్యపఠన గ్రంథమైనది. దాని చరిత్రలో కూడా ఒక విచ్ఛేదం ఉన్నది. గ్రంథంలో కొన్ని భాగాలు శిథిలం కాగా పంచమస్కంధాన్ని గంగన, షష్ఠాన్ని ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశాలను వెలిగందల నారయ పూరించారు. నరాంకితం నిరాకరించినందుకు రాచకొండ ప్రభువు ఆ గ్రంథాన్ని భూస్థాపితం చేయించాడని ప్రసిద్ధమైన కథ. చరిత్రకారులు దానిని సందేహిస్తారు. నేలలో పాతకున్నా తాళపత్రం చెడిపోవడానికి ఒక్క వానాకాలపు చెమ్మ చాలును, రెండు పురుగులు చాలును. ఆ కథను నమ్మినవారు రాజును నిందించి ఊరుకొంటారు. నమ్మనివారికి సొంత ఇంటి అటకను చూసుకొనవలసిన అవసరం ఏర్పడుతుంది.

ఈ అవసరమే శరత్తుకు గ్రంథసంరక్షణ ఋతువనే మరొక స్వభావం ఇచ్చినది. తాటియాకు మీద గంటంతో గీసి, ఆ గీతలలో మసి నింపి, పలకల నడుమ దారంతో కట్టిన గ్రంథాలు వానాకాలమంతా చెమ్మ పీల్చుకొంటాయి. నూనె, నీరు, వదులైన కట్టు, మూర్ఖుని చేయి అన్న నాలుగు ఆపదల నుండి తనను కాపాడుమని పుస్తకమే వేడుకొంటున్నట్లు లేఖకులు గ్రంథాంతంలో వ్రాసేవారు. వానలు వెలిసిన పిమ్మట కట్లు విప్పి, దుమ్ము దులిపి, ఆకులు ఆరబెట్టి మళ్ళీ బిగించడానికి ఆశ్వయుజం కంటె అనుకూలమైన మాసం లేదు. మూలానక్షత్రపు పుస్తకపూజకు ఈ శుభ్రత ఎంత ఉపకరించినదో ఊహింపవచ్చును. ఏటికొకసారియైనా ప్రతి గ్రంథమూ అర దిగవలసి వచ్చేది. పూజ పేరున దిగినది పరీక్షింపబడేది. శిథిలమైనదని తెలిస్తే మరొక ప్రతికి ఏర్పాటు జరిగేది. ప్రతి వ్రాయించని ఇంటిలో గ్రంథం రెండు మూడు తరాలలో నశించేది.

అట్లు నశింపక మిగిలినవి ఎందరి చేతులో మారి గ్రంథాలయాలకు చేరాయి. తంజావూరులో నాయకరాజుల తెలుగు ఆస్థానం సేకరించిన ప్రతులు, తరువాత మరాఠా ప్రభువు రెండవ శరభోజి పెంపొందించిన సంపద నేడు సరస్వతీ మహల్‌లో ఉన్నాయి. 19వ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితులను నియమించి తెలుగు ప్రతులను సేకరింపజేసి, శుద్ధప్రతులు వ్రాయించాడు. అవి మదరాసులోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి చేరాయి. ఆ పిమ్మట వావిళ్ళ వారి ముద్రణాలయం వంటివి పురాణాలను, స్తోత్రాలను తెలుగులిపిలో అచ్చువేసి ఇంటింటికీ చేర్చాయి. 1923లో ప్రారంభమైన గోరఖ్‌పూర్ గీతా ప్రెస్ స్వల్పమూల్యానికి సప్తశతిని తెలుగు తాత్పర్యంతో కూడా అందించినది. తిరుమల తిరుపతి దేవస్థానం కవిత్రయ భారతాన్ని వ్యాఖ్యానసహితంగా ప్రకటించినది. గ్రంథం దొరకలేదన్న మాటకు నేడు తావు లేదు.

కార్తికంలో ప్రవేశించగానే గృహస్థుల చేతిలోకి వచ్చే కార్తికపురాణం గురించి విస్తరించనక్కరలేదు. వసిష్ఠుడు జనకునికి చెప్పినట్లుగా దినానికి ఒక అధ్యాయం చొప్పున మాసమంతా సాగే ఆ 30 అధ్యాయాల ఫలశ్రుతికథలు దీపదానం వద్దకు, నదీస్నానం వద్దకు జనులను నడిపించాయి. అయితే దినానికి ఒక అధ్యాయం అనే ఆ క్రమశిక్షణ మెచ్చదగినది. పెద్ద గ్రంథాలను కూడా అట్లే విభజించుకొనవచ్చును. నవరాత్రులలో సప్తశతిని మూలంతోబాటు తాత్పర్యంతో, ఏకాదశి నుండి పూర్ణిమ వరకు కిష్కింధాకాండలోని శరత్సర్గలను, కార్తిక శుక్లపక్షంలో దశమస్కంధం 20 నుండి 33 వరకు గల అధ్యాయాలను, కృష్ణపక్షంలో అరణ్యపర్వ కథలను నియమించుకొన్నవాడు ఏ దినమూ గంటకు మించి కూర్చొనవలసిన పని ఉండదు.

పూర్వం వీధిబడులలో దసరా దినాలకు పంతులుగారు శిష్యులను వెంటబెట్టుకొని, రంగుకాగితాలు అంటించిన విల్లంబులతో ఇల్లిల్లూ తిరిగి పద్యాలు చదివించేవారు. ఇంటివారు పంతులుగారికి దక్షిణ, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. పుస్తకాలు పీఠం మీద మూతపడి ఉన్న ఆ దినాలలో పిల్లల నోటిలోని పద్యాలే ఊరికి పుస్తకాలు. దశమి ఉదయం పునఃపూజ కాగానే పీఠం మీది గ్రంథాలలో ఒకదానిని తీసి కొన్ని పంక్తులైనా చదివిన పిమ్మటనే లేవడం అనేక కుటుంబాలలో నేటికీ ఉన్న ఆచారం. ఆ చదువు ఎక్కడ మొదలుపెట్టాలన్నది పెద్దలు ముందే నిర్ణయించి ఒక పూరేకను గుర్తుగా పెట్టి ఉంచుతారు. అరణ్యపర్వం ఉన్న ఇంటిలో ఆ పూరేకను నాల్గవ ఆశ్వాసంలో, నన్నయ పద్యానికీ ఎఱ్ఱన పద్యానికీ నడుమ ఉంచవచ్చును.